మౌలానా ఆజాద్ – ఖురాను మననము

మయూర్ విహార్ నుండి బయలుదేఱి, నిజాముద్దీన్ వంతెనమీద యమునను దాటి, నదిని కుడిచేతివైపున నుంచుకొని ఉత్తరముగా పోయినచో ముందు రాజఘాట్, పిదప ఎఱ్ఱకోట వచ్చును. కోటకును జామా మసీదునకును నడుమ, సందడిగల అంగళ్లకు చేరువనే, గోడలు లేని యొక చిన్న సమాధి కలదు. పైని తెల్లని చాందినీవంటి కప్పు తప్ప దానికి వేఱు ఆడంబరము లేదు. స్వతంత్ర భారతదేశపు ప్రథమ విద్యామంత్రి మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ అచ్చట విశ్రమించి యున్నారు. ఆయన 1958 ఫిబ్రవరి 22వ తేదీన ఢిల్లీలో దివంగతులైరి.

కేంద్ర ప్రభుత్వోద్యోగముల నిమిత్తము ఈ నగరము చేరిన తెలుగు కుటుంబములకు ఆయన పేరు క్రొత్తది కాదు. కార్యాలయముల నడుమ ఆయన పేరిట ఒక రాజమార్గము కలదు. 1951లో ఖరగ్‌పూర్ సాంకేతిక విద్యాసంస్థయు, 1954లో సాహిత్య అకాడమీయు వెలసినది ఆయన మంత్రిత్వ కాలముననే. 1923లో ముప్పదియైదేండ్లు నిండకమునుపే ఢిల్లీలో జరిగిన కాంగ్రెస్ ప్రత్యేక సమావేశమునకు ఆయన అధ్యక్షత వహించిరి. మరల 1940 మొదలు 1946 వఱకు అధ్యక్షులుగా నుండిరి. ఇది లోకమెఱిగిన జీవితము. దీని వెనుక లోకము అంతగా ఎఱుగని మఱియొక జీవితము కలదు. అది ప్రతిదినము తెల్లవారుజామున, ఇతరులు నిద్రలో నుండగా, ఒక గ్రంథమును ముందుంచుకొని గడపిన జీవితము.

ఖురానును పారాయణము చేయుట ఒకటి, దానిని మననము చేయుట మఱియొకటి. ఈ రెండవదానికి అరబ్బీ భాషలో తదబ్బుర్ అని పేరు. ఒక విషయమును దాని తుదివఱకు వెంబడించి చూచుట అని ఆ మాటకు ధాతువునుబట్టి వచ్చు అర్థము. శ్రవణ మనన నిదిధ్యాసనములని మన పెద్దలు చెప్పు మూడు మెట్లలో తరువాతి రెంటికి ఇది సన్నిహితము. తన్ను చదువువారు ఆలోచింపవలెనని ఖురానే పలుతావుల కోరుచున్నది. అట్టి మననము మనుష్యుని మనస్సునకు ఏమి మేలు చేయును? కష్టమును తొలగించునా, లేక కష్టమున నిలుచు బలము నిచ్చునా? మౌలానా జీవితమున ఈ ప్రశ్నకు సమాధానము దొరకును. అది సులభమైన సమాధానము మాత్రము కాదు.

ఆయన 1888 నవంబరు 11వ తేదీన మక్కాలో జన్మించిరి. తండ్రి మౌలానా ఖైరుద్దీన్ గొప్ప పండితులు, పెక్కుమంది శిష్యులుగల గురువులు. తల్లి అరబ్బు వంశమునకు చెందిన వనిత. బాల్యముననే కుటుంబము కలకత్తా చేరెను. క్రొత్త చదువులయందు తండ్రికి విశ్వాసము లేదు. అందుచే కుమారుని పాఠశాలకు పంపక ఇంటనే అరబ్బీ, పారసీ భాషలును, తర్క గణిత వేదాంతములును, ధర్మశాస్త్రమును చెప్పించిరి. ఇతరులు ఎన్నో యేండ్లకు ముగించు పాఠక్రమమును ఆ బాలుడు పదునాఱేండ్లకే ముగించెను. నేర్చినది చెప్పగలడో లేదో చూచుటకై తండ్రి పదునైదుగురు విద్యార్థులను కూర్చి, వారికి పాఠములు చెప్పుమని నియమించిరి.

ఇంతటి చదువు చదివిన పిమ్మట ఆ యువకుని మనస్సున శాంతికి బదులు సంశయము పుట్టెను. తాను నమ్మినవన్నియు తండ్రితాతలు నమ్మినవే కదా, తాను స్వయముగా విచారించి తెలిసికొన్నది ఏమి యున్నది అని ఆయన తన్నుతాను ప్రశ్నించుకొనిరి. ఒకే గ్రంథమును ప్రమాణముగా గొన్న వర్గములు తమలో తాము ఏల కలహించుచున్నవి? మతములన్నియు సత్యమునే బోధించుచో ఒక మతమువారు మఱియొక మతమువారిని ఏల దూషించుచున్నారు? ఈ ప్రశ్నలు కొన్నియేండ్లపాటు ఆయనను నిద్రపోనీయలేదు. విశ్వాసము పూర్తిగా సడలిపోయిన దినములును వచ్చినవి. గురుపీఠమునకు వారసుడు కావలసిన కుమారునకు ఈ స్థితి ఎంతటి వేదన కలిగించునో ఊహింపవచ్చును. ఇంటిలో చెప్పుకొనుటకు వీలులేదు, బయట అడుగుటకు తగినవారు లేరు. ఆ కాలముననే ఆయన ఆజాద్ అను కలము పేరు పెట్టుకొనిరి. వారసత్వముగా వచ్చిన నమ్మకముల బంధము తనకు లేదని తెలుపుటకే ఆ పేరు.

ఇట్టి స్థితిలో పలువురు గ్రంథమును మూసివేయుదురు, కొందఱు సంశయమును అణచివేసికొని ఆచారమును పట్టుకొందురు. ఆజాద్ ఈ రెండును చేయలేదు. సంశయమును వెంటబెట్టుకొనియే గ్రంథమును మరల మొదటినుండి తెఱచిరి. వ్యాఖ్యాతల మాటలను ప్రక్కన నుంచి, ఈ వాక్యమును మొట్టమొదట విన్న అరబ్బు ఎడారివాసి దీనిని ఎట్లు గ్రహించి యుండును అని ఆలోచింప మొదలిడిరి. తరువాతి కాలపు పండితులు గ్రీకుల తర్కమును, తమ తమ సంప్రదాయముల వాదములను ఆ సరళమైన పలుకులపై కప్పిరనియు, ఆ కప్పులను తొలగించినగాని అర్థము గోచరింపదనియు ఆయనకు తోచెను. ఒక్కొక్క అధ్యాయము, ఒక్కొక్క వాక్యము, ఒక్కొక్క పదము వద్ద నిలిచి ఆలోచించుట ఆయనకు నిత్యకృత్యమయ్యెను. ఈ పని ఇరువదియైదేండ్లకు మించి సాగెను. సంశయమును శత్రువుగా చూడక ప్రశ్నగా మలచుకొనుట ఈ మననము ఆయనకు చేసిన మొదటి మేలు.

1912 జూలైలో కలకత్తాలో ఆయన అల్ హిలాల్ అను ఉర్దూ వారపత్రికను స్థాపించిరి. రెండేండ్లలో దాని ప్రచారము వారమునకు 26,000 ప్రతులకు పెరిగెను. అది ఉర్దూ పత్రికలు అంతవఱకు ఎఱుగని సంఖ్య. ప్రభుత్వము మొదట రెండువేల రూపాయల ధరావతును, పిదప పదివేల రూపాయల ధరావతును జప్తు చేసి పత్రికను మూయించెను. అల్ బలాగ్ అను పేరుతో 1915లో మఱియొక పత్రిక వెడలెను. ఖురానునకు ఉర్దూ అనువాదమును, వ్యాఖ్యానమును ప్రకటింపనున్నట్లు ఆయన ఆ పత్రికలో తెలిపిరి. 1916లో ప్రభుత్వము ఆయనను వంగదేశమునుండి బహిష్కరించెను. ఇతర రాష్ట్రములు పెక్కు అంతకుముందే ఆయన ప్రవేశమును నిషేధించి యుండెను. చివరకు రాంచీ చేరిరి. అచ్చటనే 1919 చివరివఱకు నిర్బంధములో నుండిరి.

రాంచీలో సోదాలు జరిగినవి. అనువాదపు వ్రాతప్రతులు పోలీసుల వశమయ్యెను. ఆయన మరల మొదటినుండి వ్రాసిరి. 1921లో మరల నిర్బంధింపబడినప్పుడు కాగితములు మరల పోయెను. తిరిగి చేతికి వచ్చినవి చిందరవందరయై, పనికిరాని స్థితిలో నుండెను. ఏండ్ల తరబడి చేసిన కృషి రెండు పర్యాయములు నశించిన పిమ్మట ఆ పని మరల తలపెట్టుటకు మనస్సు రాక, ఆయన కొన్ని యేండ్లు దానిని ముట్టలేదు. 1927లో మరల పూనుకొనిరి. 1930లో మీరట్ కారాగారమున తొలి భాగమును ముగించిరి. తర్జుమాన్ అల్ ఖురాన్ అను పేర మొదటి సంపుటము 1931లోను, రెండవ సంపుటము 1936లోను ప్రకటితమయ్యెను.

ఆ గ్రంథమును ఆయన ఏ నవాబునకుగాని, గురువునకుగాని అంకితము చేయలేదు. రాంచీ నిర్బంధకాలమున, 1918 డిసెంబరులో, ఒక రాత్రి ఆయన నమాజు ముగించి మసీదునుండి వెలుపలికి రాగా ఎవరో వెంట వచ్చుచున్నట్లు తోచెను. తిరిగి చూడగా కంబళి కప్పుకొన్న యొక బీదవాడు నిలిచి యుండెను. అతడు సరిహద్దు ఆవల కాందహారు ప్రాంతమునుండి వచ్చినవాడు. చేత ధనము లేక చాల దూరము కాలినడకను వచ్చెను. ఖురానులోని కొన్ని తావులు తనకు బోధపడలేదనియు, అల్ హిలాల్ పత్రికను అక్షరమక్షరము చదివితిననియు, ఆ సందేహములు తీర్చుకొనుటకే వచ్చితిననియు చెప్పెను. కొన్ని దినములుండి, అడుగవలసినవి అడిగి, ఒకనాడు చెప్పకయే వెడలిపోయెను. తిరుగు ప్రయాణమునకు మౌలానా ధనమిత్తురేమో, ఆ భారము వారిపై మోపరాదని అతడు తలచి యుండును. అతని పేరు మౌలానాకు జ్ఞాపకము లేదు. జ్ఞాపకమున్నచో ఆ పేరుతోనే అంకితము చేసి యుందుమని వ్రాసి, ఆ అజ్ఞాత పథికునకే గ్రంథమును సమర్పించిరి. అర్థము కొఱకు అంత దూరము నడచిన మనుష్యుని మించిన పాఠకుడు ఆయనకు కనబడలేదు.

ఈ వ్యాఖ్యానమున ప్రధానభాగము ఖురానులోని మొదటి అధ్యాయమగు ఫాతిహా మీదిది. ఇందు ఏడు వాక్యములే కలవు. విధిగా చేయవలసిన నమాజులందే ముస్లిము దీనిని దినమునకు 17 పర్యాయములు పఠించును. అన్ని మార్లు పలికిన మాట నాలుకకు అలవాటై, మనస్సును తాకకయే జాఱిపోవుట సహజము. మౌలానా ఆ ఏడు వాక్యముల వద్దనే నిలిచి ఒక గ్రంథమంత వ్యాఖ్య వ్రాసిరి. భగవంతుని రబ్బు అని పిలుచుటలో పోషించువాడను అర్థము కలదు. తల్లి శిశువును దశదశయందు దాని అవసరమెఱిగి పెంచునట్లు సృష్టి యంతయు పోషింపబడుచున్నదని ఆయన వివరించిరి. పోషణము, కరుణ, న్యాయము అను మూడు గుణములు అందు క్రమముగా చెప్పబడినవనియు, న్యాయము కరుణకు విరోధి కాదనియు నిరూపించిరి. ఆ పోషకుడు సర్వలోకములకు పోషకుడని చెప్పబడినాడేగాని, ఒక జాతికో, ఒక తెగకో పోషకుడని చెప్పబడలేదు. కావున ధర్మముయొక్క మూలము ఒక్కటే, ఆచారపద్ధతులు మాత్రము దేశకాలములనుబట్టి వేఱువేఱు అని ఆయన తేల్చిరి. యౌవనమున నిద్ర చెఱచిన ప్రశ్నకు ఇట్లు సమాధానము దొరికెను. ఈ అభిప్రాయమును అంగీకరింపని పండితులును లేకపోలేదు, విమర్శలు బలముగానే వచ్చినవి. ఆయన మాత్రము తన విశ్వాసమును మార్చుకొనలేదు. భయమును ఆధారముగా గొన్న భక్తి మనస్సును కుంచింపజేయును. కరుణను ఆధారముగా గొన్న భక్తి దానిని విశాలము చేయును. పరమతస్థుల యెడ ఆయనకు ద్వేషము లేకపోవుటకు మూలము ఈ మననమే. ఇది రెండవ మేలు.

మూడవ మేలు పరీక్షకు నిలిచినది అహమ్మద్‌నగరు కోటలో. 1942 ఆగస్టు 9వ తేదీ వేకువన, క్విట్ ఇండియా తీర్మానము జరిగిన మఱునాడు, కాంగ్రెస్ అధ్యక్షులుగా నున్న మౌలానాను బొంబాయిలో నిర్బంధించి ఆ కోటకు గొనిపోయిరి. నెహ్రూ, పటేలు మొదలగు కార్యవర్గ సభ్యులు ఆయనతో నుండిరి. వారిలో మన బందరు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఒకరు. నెహ్రూ భారతదర్శనమును, పట్టాభిగారు తమ దినచర్యా గ్రంథమును ఆ గోడల నడుమనే వ్రాసిరి. మౌలానా లేఖలు వ్రాసిరి. అవి తమ చిరమిత్రులు నవాబ్ సదర్ యార్ జంగ్, అనగా హబీబుర్ రహ్మాన్ ఖాన్ షేర్వానీగారికి ఉద్దేశింపబడినవి. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ప్రథమ ఉపాధ్యక్షులు ఆయనే. జైలునుండి లేఖలు పోవు వీలు లేదు. పంపబడవని తెలిసియు వ్రాసిన ఆ లేఖలు 1946లో గుబార్ ఎ ఖాతిర్ అను పేర పుస్తకరూపమున వెడలెను.

అందలి మౌలానా తెల్లవారుజామున మూడు గంటలకు లేచి, తన చేతులతో మల్లెపరిమళముగల చైనా తేయాకును కాచుకొని, ఏకాంతమున కూర్చుండువారు. వేకువన లేచు అలవాటు తండ్రి పెట్టినది. అదివఱకు తాను చెఱసాలలో గడపిన కాలమును అచ్చట ఆయన లెక్కవేసిరి. ఐదు పర్యాయములకు 7 సంవత్సరముల 8 నెలలు. తన 53 ఏండ్ల వయస్సులో అది ఏడవవంతు. వారమునకొక విశ్రాంతిదినము విధింపబడినట్లు తన జీవితమునకును విశ్రాంతి విధింపబడినదని ఆయన చమత్కరించిరి. గదిలో గూడుకట్టిన పిచ్చుకలతో మొదట యుద్ధము చేసి, పిదప బియ్యపు గింజలు వేసి, అవి చేతిపై వ్రాలువఱకు నేస్తము కట్టిన కథను ఎంతయో వినోదముగా వ్రాసిరి. ఆనందమును లోపలనుండి తెచ్చుకొనవలెనేగాని వెలుపల వెదుకరాదను భావము ఆ లేఖలలో పలుమార్లు కనబడును.

ఆ వినోదపు లేఖలు వ్రాసిన కొలది దినములకే పిడుగువంటి వార్త వచ్చెను. ఆయన సహధర్మచారిణి జులేఖా బేగము చిరకాలముగా అస్వస్థురాలు. 1942 ఆగస్టు 3వ తేదీన ఆయన కలకత్తానుండి బొంబాయికి బయలుదేఱునపుడు ఆమె వాకిటివఱకు వచ్చి, దైవరక్షణ కోరుచు ఒక్క వీడ్కోలు మాట మాత్రము పలికెను. అదియే కడసారి చూపు. 1943 ప్రారంభమున ఆమె స్థితి విషమించినదని తెలిసెను. ప్రభుత్వమును ఏమైన కోరదలచినచో తెలియజేయుదునని జైలు అధికారి సూచించెను. నెహ్రూయు ఆయనతో మాటలాడిరి. దేశమును చెఱపట్టినవారిని తన స్వంత దుఃఖము నిమిత్తము యాచించుటకు మౌలానా సమ్మతింపలేదు. ఏప్రిల్ 9వ తేదీన ఆమె మరణించినట్లు తంతి వచ్చెను. మూడు నెలలు గడవకమునుపే భోపాలులో ఆయన సోదరియు మరణించెను.

ఆ దినములలో తోటివారు మౌలానాను చూచి ఆశ్చర్యపడిరి. వేళకు లేచుట, వేళకు భోజనమునకు వచ్చుట, మాటలలో తొణకుండుట ఏదియు తప్పలేదు. ఇదియే మననముయొక్క ఫలమని చెప్పి కథను ముగించుట సులభము. కాని మౌలానా అట్లు చెప్పుకొనలేదు. ఆమె మరణించిన రెండు దినములకు, ఏప్రిల్ 11న, వ్రాసిన లేఖలో ఆయన నిజమును దాచలేదు. వార్తాపత్రిక వచ్చు వేళకు గుండె దడదడ కొట్టుకొనెడిది. అయినను ఆత్రము బయటపడనీయక, ఏదో పనిలో నున్నట్లు కనబడి, తాపీగా పత్రికను అందుకొనెడివారు. ఆ ప్రశాంతతయంతయు బయటికి చూపిన నటన యనియు, దానికి మూలము తన అహంకారమే యనియు ఆయన ఒప్పుకొనిరి. కోట ఆవరణలో నెవ్వరిదో యొక పాత సమాధి యుండెను. ముప్పదియాఱేండ్ల దాంపత్యము అట్లు ముగిసిన పిమ్మట దానిని చూచినప్పుడెల్ల ఆయన చూపు అచ్చటనే నిలిచిపోయెడిది.

శరీరమును తన లెక్క తాను వ్రాసికొనెను. నిర్బంధించినపుడు 170 పౌనులున్న ఆయన బరువు, 1945లో అచ్చటినుండి బాంకురాకు మార్చునాటికి 130 పౌనులకు తగ్గిపోయెను. ఆకలి నశించెను. కావున మననము దుఃఖమును హరించెనని అనరాదు. దేహము క్రుంగెను, హృదయము రోదించెను. కాని ఆ రోదనమును తానే చూచి, అందు కపటమెంత, నిజమెంత అని విడదీయగల నేర్పు మాత్రము ఆయనకు మిగిలెను. ఒక వాక్యమును పదము పదముగా విచారించుటకు అలవడిన బుద్ధి తన మనస్సును గూడ అట్లే విచారించెను. తన్నుతాను మోసగించుకొనని మనస్సు విఱుగదు. మననము ఆయనకు చేసిన మూడవ మేలు ఇదియే. అన్నిటికంటె పెద్దదియు ఇదియే.

1945 జూన్ 15వ తేదీన విడుదలయై ఆయన కలకత్తా చేరిరి. హౌరా స్టేషనులో జనసముద్రము ఎదురయ్యెను. మోటారుబండి పూలదండలతో నిండిపోయెను. ఇంటికి పోవుచు, మూడేండ్లక్రితము వాకిట నిలిచి వీడ్కోలు పలికిన ఇల్లాలు ఇపుడు ఎదురురాదని తలచి, ఆయన బండిని ఆమె సమాధివైపు త్రిప్పించిరి. ఆ దండలలో నొకదానిని తీసి సమాధిపై నుంచి, మౌనముగా ఫాతిహా పఠించిరి. ఏ ఏడు వాక్యములకు ఆయన అంతటి వ్యాఖ్యానము వ్రాసిరో, ఆ ఏడు వాక్యములకు ఆనాడు వ్యాఖ్యానముతో పని లేకపోయెను.

1947 అక్టోబరులో ఢిల్లీ అల్లకల్లోలముగా నున్నపుడు, ఇల్లు విడిచి పోనున్న ముస్లిములను జామా మసీదునందు నిలిచి ధైర్యము చెప్పి ఆపజూచినవారు ఆయనే. తమ భూమిని భయముచే విడువవలదని బోధించిరి. రాజ్యకార్యముల ఒత్తిడిచే వ్యాఖ్యానము పూర్తికాలేదు. ఖురానులోని 114 అధ్యాయములలో, ఆయన ప్రకటించిన రెండు సంపుటములు 23వ అధ్యాయముతో ముగిసినవి. తరువాత ఆ గ్రంథమును ఆంగ్లీకరించి లోకమున కందించినవారు హైదరాబాదు వాస్తవ్యులు, ఉస్మానియాలో ఆంగ్లాచార్యులుగా నుండిన డాక్టరు సయ్యద్ అబ్దుల్ లతీఫ్‌గారు. ఆ అనువాదపు తొలి సంపుటము 1962లో వెలువడెను. ఆంధ్రభాషాచరిత్రము వ్రాసిన చిలుకూరి నారాయణరావుగారు మౌలానా జీవించియున్న కాలముననే ఖురానును తెనిగించి యుండిరి. ఒకరి గ్రంథమును మఱియొకరు శ్రద్ధతో చదువుట మన నేలకు క్రొత్త కాదు.

నేటి ఉద్యోగజీవితమున త్వర యెక్కువ, విశ్రాంతి తక్కువ. మనస్సునకు వ్యాధి కలిగినచో వైద్యుని ఆశ్రయింపవలసినదే, మననము దానికి బదులు కాదు. కాని ప్రతిదినము కొంత సేపు, తాము గౌరవించు గ్రంథమునందలి ఒక్క వాక్యము వద్ద నిలిచి, అది తమ్ము ఏమి అడుగుచున్నదో ఆలోచించువారికి మౌలానా జీవితము తోడుగా నుండగలదు. ఆ గ్రంథము ఖురానైనను, ఉపనిషత్తైనను, భాగవతమైనను సరే. యమున ఆవలి గట్టున, జామా మసీదు చెంత, కాళ్లకు అందునంత దూరముననే ఆ సమాధి యున్నది. అచ్చటికి పోయినవారు ఆ మంత్రిపదవినే కాక, కంబళి కప్పుకొని కాలినడకను వచ్చిన ఆ పేరులేని పథికుని గూడ ఒక్కమాఱు తలచుకొందురుగాక.